డిసెంబరు నెలాఖరు సంతకం

విజయనగరంలో న్యాయశాస్త్ర విద్యార్థులు, యువ న్యాయవాదులు, గ్రామ సచివాలయాల మహిళా పోలీసులు పాల్గొన్న సభలో ఒక విశ్రాంత పోలీసు అధికారి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లను తప్ప మరి దేన్నీ తీసివేయలేదు.

సభకు నమస్కారం. నేను కానిస్టేబులుగా ఉద్యోగంలో చేరి, చాలా ఏళ్ళు స్టేషన్ రైటరుగా కూర్చుని, చివరికి సబ్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిన విద్య ఒకటే, రికార్డు రాయడం. మీలో చాలామంది ఏదో ఒక పని మీద పోలీసు స్టేషన్‌కు వెళ్ళి ఉంటారు. లాకప్పును చూసి ఉంటారు, వైర్‌లెస్ సెట్టు చప్పుడు విని ఉంటారు. రైటరు బల్ల వెనక గోడకు ఆనించి ఉండే ఇనుప బీరువాను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ రోజు నేను ఆ బీరువా గురించి మాట్లాడడానికి వచ్చాను, ఎందుకంటే మీ ఊరి గురించీ, మీ వీధి గురించీ, ఒక్కోసారి మీ ఇంటి గురించీ మీకు తెలియకుండా రాసి పెట్టిన మాటలు అందులో ఉంటాయి.

ముందు ఒక తేడా చెప్పాలి. స్టేషన్‌లో రాసేదంతా రహస్యం అనుకోకండి. ఎఫ్‌ఐఆర్ రహస్యం కాదు. దాని ప్రతి ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, మేజిస్ట్రేటుకు పంపాలి. 2016లో సుప్రీంకోర్టు యూత్ బార్ అసోసియేషన్ కేసులో, లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులను మినహాయించి, మిగిలిన ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని కూడా చెప్పింది. దర్యాప్తు అధికారి రోజువారీగా రాసే కేసు డైరీ దగ్గరికి వచ్చేసరికి సంగతి మారుతుంది. దాన్ని కోర్టు తెప్పించుకుని చూడవచ్చు గాని, ముద్దాయి అడిగి తీసుకోలేడు. ఇక మూడో రకం ఉంది, అది కోర్టు బల్ల మీదికి కూడా మామూలుగా రాదు. దానినే స్టేషన్ క్రైమ్ హిస్టరీ అంటారు. ఆ స్టేషన్ పరిధిలోని నేరాల చరిత్ర అన్నమాట. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల నుంచి, అంటే శాఖ తన సిబ్బందికి పెట్టుకున్న శాశ్వత ఉత్తర్వుల నుంచి, మనకు వారసత్వంగా వచ్చిన ఏర్పాటు ఇది.

దీనికి అయిదు భాగాలు. ఏ ఊళ్ళో ఏ నేరం జరిగిందో వరుసగా రాసే రిజిస్టరు ఉంటుంది. ఆ నేరాలను గుర్తులతో చూపే పటం ఉంటుంది. శిక్షలు పడినవారి వివరాలు ఉంటాయి. ఒక్కో గ్రామం గురించి రాసిన సాధారణ సమాచారం ఉంటుంది. అయిదో భాగంలో మనుషులుంటారు. వ్యక్తుల పేరు మీద తెరిచే హిస్టరీ షీట్లు అవి. స్టేషన్‌లో ‘పార్ట్ ఫైవ్’ అంటే చాలు, కొత్తగా వచ్చిన కానిస్టేబులుకు కూడా అర్థమవుతుంది.

ఇదంతా పనికిరాని కాగితమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక ఉదాహరణ చెబుతాను. నేను పని చేసిన ఒక స్టేషన్‌లో పశువుల దొంగతనాలు ఎక్కువగా ఉండేవి. కేసులు వేర్వేరు ఊళ్ళవి, ఫిర్యాదుదారులు వేర్వేరు మనుషులు, దర్యాప్తు చేసినవారు వేర్వేరు హెడ్ కానిస్టేబుళ్ళు. ఎవరి కేసు వారిది. పటం మీద చుక్కలు పెట్టి, పక్కన తేదీలు రాసి చూసేసరికి, అన్నీ పశువుల సంతకు ముందు రెండు రాత్రుల్లోనే జరిగాయనీ, అన్ని చుక్కలూ ఒడిశా వైపు పోయే ఒకే బండిబాట పక్కనే ఉన్నాయనీ తేలింది. విడివిడిగా చూస్తే తొమ్మిది చిన్న కేసులు, కలిపి చూస్తే ఒకే ముఠా. ఆ పటం ఎవరిని పట్టించింది? ఏ కులాన్నీ, ఏ పేటనూ పట్టించలేదు. ఒక దారిని పట్టించింది, ఆ దారిలో మేము కాపు వేశాం. రికార్డు చేయవలసిన పని ఇది.

అలాగే మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం తీసుకోండి. దసరా తర్వాతి మంగళవారం మూడు లాంతర్ల దగ్గర ఎంత జనం ఉంటారో విజయనగరం వారికి నేను చెప్పనక్కర్లేదు. గుడి నుంచి కోట వరకు సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. జనం కళ్ళన్నీ పైకి చూస్తుంటాయి, జేబుదొంగ కళ్ళు మాత్రం కిందికి చూస్తుంటాయి. అంతకు ముందు ఏళ్ళలో ఏ మూల ఎక్కువగా గొలుసులు పోయాయి, ఏ గంటలో పోయాయి, పట్టుబడినవాళ్ళు ఏ రైల్లో దిగారు అన్నది పాత రికార్డులో ఉంటే, మఫ్టీలో మనిషిని ఎక్కడ నిలబెట్టాలో తెలుస్తుంది. లేకపోతే వందమంది పోలీసులున్నా తాడు పట్టుకుని జనాన్ని ఆపడమే మిగులుతుంది.

గ్రామ సమాచారం గురించి కాస్త ఎక్కువ సేపు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మహిళా పోలీసు చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. ఊళ్ళో చెరువు నీటి మీద తగాదా ఉందా, రెండు వర్గాలున్నాయా, జాతర ఊరేగింపు ఏ వీధిలో ఆగితే గొడవ అవుతుంది, సరిహద్దు గట్టు మీద ఎవరికెవరికి పడదు, ఇవన్నీ అందులో రాస్తారు. ఒకప్పుడు ఈ కబుర్లు స్టేషన్‌కు ఎలా వచ్చేవి? మునసబు రాసి పంపేవాడు, తలారి నడిచి వచ్చి చెప్పేవాడు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. ఆ వ్యవస్థలో ఎన్ని అన్యాయాలున్నాయో మీకు తెలుసు, నేను దాన్ని మెచ్చుకోవడం లేదు. అయితే అది పోయాక ఆ పని బీట్ కానిస్టేబులు మీద పడింది. బీట్ కానిస్టేబులు ఊరికి వెళ్ళి ఎవరి అరుగు మీద కూర్చుంటాడు? కుర్చీ వేసి, కాఫీ ఇచ్చేవారి అరుగు మీదే కూర్చుంటాడు. అప్పుడు పుస్తకంలోకి ఎక్కేది ఊరి సమాచారమా, ఆ అరుగు యజమాని అభిప్రాయమా? నా చేత్తో నేను ‘ఫలానా పేటవారు తాగుబోతులు, తగువులమారులు’ అని రాశాను. నాకు ఆ మాట చెప్పినవాడికీ ఆ పేటకూ మధ్య కల్లం భూమి విషయంలో తగాదా ఉందని రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఆ వాక్యం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది, నా తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని నిజమనే చదివారు.

అమ్మా, ఇప్పుడు ఆ సమాచారం మీ దగ్గర నుంచి వస్తుంది. మీరు ఆ ఊళ్ళోనే, ఆడవాళ్ళ మధ్యనే తిరుగుతారు. అరుగు మీద వినపడనిది మీకు బోరింగు దగ్గర వినపడుతుంది. ఇది గొప్ప అవకాశం, అంతకు మించిన బాధ్యత. ఎవరు చెప్పారో, చెప్పిన మనిషికి అందులో లాభమేమిటో, మీరు కళ్ళతో చూసిందెంతో, విన్నదెంతో వేరు వేరుగా రాయండి. ‘అంటున్నారు’ అన్న మాటను ‘తెలిసింది’ అని మార్చకండి. ఈ రెండు మాటల మధ్య ఒక కుటుంబం నలిగిపోగలదు.

ఇక మనుషుల షీట్ల దగ్గరికి వస్తాను. మీరంతా ‘కేడీ’ అనే మాట విని ఉంటారు. పిల్లవాడు అల్లరి చేస్తే ‘వీడు పెద్ద కేడీరా’ అంటారు. ఎక్కడిదీ మాట? అది మా బీరువాలోది. ఇంగ్లీషులో ‘నోన్ డిప్రెడేటర్’ అని రాసేవారు, అంటే దోపిడీలు చేస్తాడని తెలిసినవాడు. ఆ రెండు మాటల మొదటి అక్షరాలే కేడీ. ఎవరూ చదవకూడని రిజిస్టరులోని రెండు అక్షరాలు బీరువా దాటి, గేటు దాటి, వీధిలోకి వచ్చి తిట్టుగా మారిపోయాయి. ఇది ఎలా జరిగింది? ఎవరో ఒకరు నోరు జారకుండా జరిగిందా? ఒకసారి కాదు, ఒక ఊళ్ళో కాదు, తెలుగు దేశమంతటా కానిస్టేబుళ్ళ నోటి నుంచి టీ దుకాణాలకు, టీ దుకాణాల నుంచి ఇళ్ళకు చేరి ఆ మాట భాషలో కలిసిపోయింది. ‘రౌడీషీటర్’ అన్న మాట కూడా అంతే. అది శాఖ లోపలి వర్గీకరణ, ఏ న్యాయస్థానమూ విధించే శిక్ష కాదు. ఈ రోజు అది పేపర్లో మనిషి పేరుకు ముందు వచ్చే బిరుదైపోయింది.

రౌడీ షీటు ఎవరి మీద తెరవాలి? మన పోలీసు మాన్యువల్‌లో 601వ స్టాండింగ్ ఆర్డరు చెబుతుంది. శాంతికి భంగం కలిగించే నేరాలకు అలవాటుగా పాల్పడేవారు, మంచి ప్రవర్తన కోసం బైండోవర్ అయినవారు, అంటే మేజిస్ట్రేటు ముందు పూచీకత్తు రాసి ఇచ్చినవారు, ఆడవాళ్ళను అలవాటుగా వేధించేవారు, ఇలా కొన్ని తరగతులున్నాయి. ఎస్పీ గాని, సబ్ డివిజన్ అధికారి గాని ఉత్తర్వు ఇస్తేనే తెరవాలి. ఎస్సై తన కోపంతో తెరవడానికి వీల్లేదు. ఇక్కడ కీలకమైన మాట ‘అలవాటుగా’ అన్నది. 1984లో విజయ్ నారాయణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటకు అర్థం చెప్పింది. మళ్ళీ మళ్ళీ, పట్టుబట్టి, ఒకదాని వెంట ఒకటిగా ఒకే దారం ఉన్నట్టు సాగే పనుల వరుస ఉంటేనే అది అలవాటు అవుతుంది. విడివిడిగా జరిగిన ఒకటి రెండు ఘటనలను అలవాటు అనకూడదు. మన హైకోర్టు కూడా ఎన్నోసార్లు, యాంత్రికంగా షీట్లు తెరవకూడదని చెప్పింది. 1999 నాటి మహమ్మద్ ఖదీర్ కేసు యువ న్యాయవాదులు తప్పక చదవవలసినది.

మరి మన జిల్లాల్లో ఏమవుతోంది? మన్యం నుంచి గంజాయి కిందికి దిగుతుంది. సరుకు యజమాని ఎక్కడో ఉంటాడు. సంచి మోసేది కూలికి ఆశపడిన పందొమ్మిదేళ్ళ కుర్రవాడు. అతడు రైల్వే స్టేషన్‌లో దొరుకుతాడు. నేరం నేరమే, కేసు పెట్టవలసిందే, శిక్ష పడితే పడవలసిందే. అయితే ఆ ఒక్క కేసుతో అతడి పేరు మీద సస్పెక్ట్ షీటు, అంటే అనుమానితుడి షీటు, తెరిస్తే, రేపు అతడు తిరిగి వచ్చి చెన్నైకో హైదరాబాదుకో తాపీ పనికి వెళ్ళిన ప్రతిసారీ బీట్ కానిస్టేబులు ‘ఊళ్ళో లేడు, జాడ తెలియదు’ అని రాస్తాడు. ఉద్దానం నుంచీ, మన మెరక మండలాల నుంచీ సగం కుర్రవాళ్ళు పని కోసం ఊళ్ళు వదిలి వెళ్ళేవాళ్ళే. ఊళ్ళో లేకపోవడం మనకు బతుకుతెరువు. షీటులో అదే అనుమానానికి ఆధారమవుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. స్టేషన్ పేరు చెప్పను, మనిషి పేరు అసలే చెప్పను. నేను కొత్తగా రైటరు అయిన రోజులు. ఒక మనిషి మీద పాత షీటు ఉంది. కొబ్బరి తోటల్లో దొంగతనం కేసుల్లో ఎప్పుడో శిక్ష పడినవాడు. ప్రతి నెలా ఆ షీటులో ఒక పంక్తి రాయాలి. బీట్‌కు వెళ్ళినవాడు వచ్చి ‘ఏమీ లేదు, రాసేయ్’ అనేవాడు. నేను ముందు నెలది చూసి ‘ఇంటి వద్దనే ఉన్నాడు, ప్రత్యేకంగా ఏమీ తెలియలేదు’ అని రాసేవాణ్ణి. అదే వాక్యం, అదే సిరా, నెల మాత్రమే మారేది. ఒకసారి పండగ బందోబస్తుకు ముందు పాతవాళ్ళందరినీ చూసి రమ్మని నన్నే పంపారు. వెళ్ళాను. గుమ్మంలో ఒక ముసలావిడ చేట పట్టుకుని కూర్చుంది. పేరు చెప్పి, ఉన్నాడా అని అడిగాను. ఆవిడ తలెత్తి నన్ను చూసి, ‘ఆరు పోయి రొండేళ్లయిపోనాది బాబూ. ఇంకా ఏటి రాసుకుంతారు?’ అంది.

రెండేళ్ళు! అంటే ఇరవై నాలుగు పంక్తులు. చచ్చిపోయిన మనిషి ఇంటి వద్దనే ఉన్నాడని నేను ఇరవై నాలుగుసార్లు రాశాను. ఆ షీటు మీద ఒక డిసెంబరు నెలాఖరున, మరో డిసెంబరు నెలాఖరున పై అధికారి ‘కొనసాగించవలెను’ అని రాసి సంతకం చేశాడు. నేను దస్త్రం అంతా ఒకేసారి ముందు పెట్టాను, ఆయన వరుసగా సంతకాలు పెట్టాడు. ఆయనది ఎంత తప్పో నాదీ అంతే తప్పు, నాదే ఎక్కువ.

ఈ డిసెంబరు నెలాఖరు సంగతి మీరు బాగా గుర్తు పెట్టుకోవాలి. 602వ స్టాండింగ్ ఆర్డరు ప్రకారం హిస్టరీ షీటు జీవితకాలపు ముద్ర కాదు. తెరిచిన తేదీ నుంచి డిసెంబరు నెలాఖరు వరకే దాని ప్రాణం. ఆ తర్వాత మూసివేయాలా, మరికొంత కాలం ఉంచాలా అని గెజిటెడ్ అధికారి ఉత్తర్వు తీసుకోవాలి. గత అయిదేళ్ళలో ఒక్క కేసూ లేకపోయినా కొనసాగించవచ్చునని కూడా అదే ఆర్డరులో ఉంది. అది నిజమే. అయితే ఎప్పుడు? అతడి పనులు ప్రజాశాంతికి హానికరంగా ఉన్నప్పుడు, లేదా అతడి బెదిరింపుకు భయపడి బాధితులు ఫిర్యాదుకు ముందుకు రానప్పుడు. అంటే కొనసాగించడానికి కారణం కావాలి. ఆ కారణం కాగితం మీద కనబడాలి. ‘కొనసాగించవలెను’ అన్నది కారణం కాదు, అది క్రియాపదం మాత్రమే. ఏటా ఆ ఒక్క సంతకం చేసే ముందు ఆ అధికారి షీటును చదివితే, బీట్ కానిస్టేబులును పిలిచి ‘ఈ మనిషిని నువ్వు ఆఖరుసారి ఎప్పుడు చూశావు?’ అని ఒక్క ప్రశ్న అడిగితే, ఈ బీరువాలో బరువు చాలా తగ్గుతుంది. నిజంగా కనిపెట్టి ఉండవలసిన నలుగురి మీద కన్ను నిలుస్తుంది. నలభైమందిని చూస్తున్నామని రాసుకునే స్టేషన్‌లో ఆ నలుగురే తప్పించుకుంటారు. ఇది న్యాయం మాట మాత్రమే కాదు, పోలీసు పని మాట కూడా.

మీలో ఒకరికి ఈ పాటికి సందేహం వచ్చే ఉంటుంది. ఇంత తప్పులు జరిగే పుస్తకాన్ని రహస్యంగా ఎందుకు ఉంచాలి, బయట పెట్టేస్తే పోలేదా అని. దీనికి నా సమాధానం సూటిగా చెబుతాను. బయట పెట్టకూడదు. రెండు కారణాలున్నాయి.

సమాచారం ఇచ్చినవాడి ప్రాణం మొదటిది. ఊళ్ళో ఒక మనిషి ధైర్యం చేసి సారా బట్టీ గురించి చెబుతాడు. ఆ మాట ఎవరు చెప్పారో తెలిస్తే అతడి ధాన్యం కుప్పకు నిప్పు పడుతుంది. అందుకే నేరం గురించి తనకు ఎవరు చెప్పారో పోలీసు అధికారి చేత కోర్టు కూడా బలవంతంగా చెప్పించకూడదని సాక్ష్య చట్టం 125వ సెక్షను చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 131వ సెక్షను. సమాచార హక్కు చట్టంలో కూడా, మూలాన్ని బయటపెట్టే సమాచారానికీ, ఒకరి ప్రాణానికి ముప్పు తెచ్చే సమాచారానికీ మినహాయింపు ఉంది.

రెండో కారణాన్ని మన శాఖవాళ్ళు తరచుగా మరిచిపోతారు. ఆ షీటులో ఎవరి పేరు ఉందో ఆ మనిషి పరువు. అది రుజువైన విషయం కాదు, అనుమానం. అనుమానాన్ని ఊరంతా చాటితే విచారణ లేని శిక్ష అవుతుంది. నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఒకడికి పదేళ్ళ కింద కొట్లాట కేసులు రెండు ఉండేవి, రెండూ కొట్టేశారు. కూతురికి సంబంధం కుదిరింది, పసుపు కొట్టే రోజు కూడా అనుకున్నారు. వియ్యాలవారి ఊరు నుంచి ఒకాయన వచ్చి, టీ దుకాణం దగ్గర మా స్టేషన్ మనిషిని పలకరించాడు. మావాడు పెద్ద దురుద్దేశంతో కాదు, తనకు అన్నీ తెలుసని చూపించుకోవడానికి, ‘ఆయనా, మా దగ్గర షీటు ఉందండీ’ అన్నాడు. అంతే. సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల ఏ సెక్షను కింద నేరం చేసింది? ఆ రోజు నుంచి నేను నా కింద పనిచేసిన ప్రతి కానిస్టేబులుకూ ఈ కథ చెప్పాను. బీరువా తాళం ఎస్సై దగ్గర ఉంటుంది, అసలు తాళం మాత్రం మన నోటికి ఉండాలని చెప్పాను.

ఈ విషయంలో ఇద్దరు తెలుగు న్యాయమూర్తులను మనం తలుచుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేదని వదిలేశారు. అయినా హిస్టరీ షీటు తెరిచి, ఇంటి చుట్టూ రహస్యంగా కాపలా పెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టి ఉన్నాడో లేడో చూసేవారు. అతడు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. మెజారిటీ న్యాయమూర్తులు రాత్రివేళ ఇంటికి వెళ్ళే నిబంధనను మాత్రం కొట్టేసి, మిగిలిన నిఘాను ఉండనిచ్చారు. జస్టిస్ కోకా సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. రాజమండ్రి నుంచి వెళ్ళి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయినవారు. వెంట నీడలా పోలీసు తిరుగుతుంటే ఆ మనిషి స్వేచ్ఛగా నడిచినట్టు కాదని, ఆ నిబంధన మొత్తం చెల్లదని ఆయన అభిప్రాయపడ్డారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. అప్పట్లో అది మైనారిటీ మాట. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పినప్పుడు, సుబ్బారావు గారి మాటకే విలువ దక్కింది. యాభై అయిదేళ్ళు పట్టింది.

రెండోవారు జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి గారు. పంజాబ్ నుంచి వచ్చిన మలక్ సింగ్ కేసులో 1980 డిసెంబరులో ఆయన తీర్పు రాశారు. నిఘా రిజిస్టరు గోప్యంగా ఉండాలని, పేరు చేర్చే ముందు ఆ మనిషికి నోటీసు ఇవ్వనక్కర్లేదని ఆయన ఒప్పుకున్నారు. అలా ముందే చెబితే నిఘాకు అర్థమే ఉండదు కదా! అయితే అంతటితో ఆగలేదు. పేరు చేర్చడానికి సహేతుకమైన నమ్మకం ఉండాలని, నేర నివారణకు అవసరమైనంత మేరకే నిఘా ఉండాలని, పౌరుడి స్వేచ్ఛను నలిపేసేలా ఉండకూడదని గీత గీశారు. విద్యార్థులారా, ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకరు తలుపు మూయమన్నారు, ఒకరు తలుపు ఎంత తెరవాలో కొలిచారు. నా అనుభవంలో, ఆ కొలత పాటించిన స్టేషన్‌లో సుబ్బారావు గారి భయం నిజం కాలేదు. పాటించని చోట ప్రతిరోజూ నిజమైంది.

ఈ రికార్డుకు ఒక చీకటి పుట్టుక కూడా ఉంది, దాన్ని దాచకూడదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలని రాసింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన ప్రాంతాలకు కూడా వచ్చింది. ఆ తెగలో పుట్టడమే రిజిస్టరుకు ఎక్కడానికి చాలు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా వెలసిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గాని, కలం అలవాటు పోయిందా? ‘దొంగల కులం’ అన్న మాట నేను ఉద్యోగంలో చేరాక కూడా పాత పుస్తకాల్లో చదివాను. అందుకే 2024 మే 7న సుప్రీంకోర్టు చెప్పిన మాట నాకు చాలా ముఖ్యమనిపించింది. ఢిల్లీకి చెందిన ఒక శాసనసభ్యుడి హిస్టరీ షీటు కేసు అది. హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రమేనని, బహిరంగ పత్రం కాదని, అందులో సంబంధం లేని మైనర్ పిల్లల వివరాలు రాయకూడదని కోర్టు చెప్పింది. అంతటితో ఆగక, వెనకబడిన, బలహీన వర్గాలవారి పేర్లు యాంత్రికంగా షీట్లలోకి ఎక్కుతున్నాయన్న సంగతిని తనంతట తానే ఎత్తుకుని, అన్ని రాష్ట్రాలూ తమ విధానాన్ని సరిచూసుకోవాలని, పెద్ద అధికారి చేత ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలని కూడా చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న జైలు రిజిస్టర్లలో కులం గడి తీసివేయాలని మరో తీర్పు వచ్చింది.

మన రాష్ట్ర హైకోర్టులో 2022 జూలైలో ఒక న్యాయమూర్తి ఇంకా ముందుకు వెళ్ళారు. చట్టం బలం లేకుండా కేవలం స్టాండింగ్ ఆర్డర్ల ఆధారంగా రౌడీ షీట్లు తెరవడం, స్టేషన్‌కు పిలిపించడం, ఫొటోలు తీయడం గోప్యత హక్కుకు విరుద్ధమని అన్నారు. అది ఏకసభ్య తీర్పు. దాన్నే ఆఖరి మాటగా నేను మీ ముందు పెట్టడం లేదు. అయితే అందులోని ప్రశ్న చాలా బలమైనది. మనిషి జీవితంలోకి చొరబడే అధికారం శాసనసభ ఇవ్వాలా, శాఖ తనకు తానే ఇచ్చుకోవాలా? శాసనం చేసి, షీటుకు గడువూ కారణమూ అప్పీలూ పెడితే పోలీసుకే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు బీరువా కంప్యూటర్‌లోకి మారింది. దేశవ్యాప్తంగా స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్ వచ్చింది. ఇచ్ఛాపురంలో నమోదైనది ఇంకో రాష్ట్రంలో కనబడుతుంది. దొంగను పట్టడానికి ఇది ఎంత మేలో, తప్పు రాత పాకడానికి కూడా అంత దగ్గర దారి. కాగితం మీది తప్పు ఒక బీరువాలో చెదలు పట్టేది. తెర మీది తప్పుకు చెదలు పట్టదు. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ప్రకారం వేలిముద్రలూ కొలతలూ 75 ఏళ్ళు ఉంటాయి. అంతకు ముందు శిక్ష పడని మనిషిని విచారణ లేకుండా వదిలేసినా, కోర్టు నిర్దోషిగా తేల్చినా, అప్పీళ్ళన్నీ అయ్యాక వాటిని తీసివేయాలని, ఉంచాలంటే కోర్టు కారణం రాయాలని అదే చట్టంలో ఉంది. న్యాయవాదులారా, మీ కక్షిదారు విడుదలయ్యాక తీర్పు నకలు తీసుకుని మిఠాయి పంచి పంపించేస్తున్నారు. ఆ వేలిముద్రలు తీసివేశారా అని ఎవరైనా అర్జీ పెట్టారా?

వాట్సాప్ సంగతి వేరే చెప్పాలి. షీటు ఉన్నవాళ్ళను కౌన్సెలింగ్ పేరుతో ఆదివారం పిలిచి, వరుసగా నేల మీద కూర్చోబెట్టి, ఫొటో తీసి గ్రూపులో పెడుతున్నారు. ఆ ఫొటో సాయంత్రానికి ఊళ్ళోని అన్ని ఫోన్లలో ఉంటుంది. రహస్య రికార్డును కాపాడవలసినవారే దాన్ని బజారున పెడుతున్నారు. ఇది ఎవరు చేసినా తప్పే. పిల్లల విషయంలో అయితే తప్పు కాదు, నేరం. బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం చట్టంతో ఘర్షణపడిన పిల్లవాడి పేరు గాని, బడి గాని, ఫొటో గాని బయటపెట్టకూడదు. కేసు ముగిసిపోయాక, ప్రవర్తన ధ్రువపత్రం కోసం అడిగినా పోలీసు ఆ రికార్డు చెప్పకూడదు. పాస్‌పోర్టు విచారణకు, ఉద్యోగ విచారణకు వచ్చే సిబ్బంది దీన్ని గుర్తుంచుకోవాలి.

కోర్టులో దీని విలువ ఎంత? ఒక మాటలో చెబుతాను. ముద్దాయి చెడ్డవాడన్న సంగతి నేర విచారణలో సంబంధం లేని విషయం, తాను మంచివాణ్ణని అతడే సాక్ష్యం పెట్టుకుంటే తప్ప. పాత సాక్ష్య చట్టంలో అది 54వ సెక్షను, కొత్త అధినియమంలో 49వ సెక్షను. షీటు చూపించి శిక్ష వేయించలేరు. కాబట్టి షీటు ఉంది కదా అని ఒక మనిషిని కొత్త కేసులో ఇరికించే దర్యాప్తు అధికారి కోర్టులో ఓడిపోతాడు, అసలు దొంగ ఆ లోగా బండెక్కి పోతాడు.

మీ ఇంటికి వచ్చి, నా మీద షీటు ఉందంటున్నారు, ఏం చేయాలని అడిగేవాళ్ళు ఉంటారు. మొదట ఎస్పీకి అర్జీ పెట్టించండి. ఏ కేసులు, వాటి ఫలితం ఏమిటి, ఆఖరి కేసు ఏ ఏడాదిది, గెజిటెడ్ అధికారి కొనసాగింపు ఉత్తర్వు ఉందా, అందులో కారణం ఉందా, ఇవి అడగండి. పుస్తకం చూపించమని అడగకండి, అది చూపరు, చూపకూడదు. జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ ఉంది. కోర్టు ఆ రికార్డును తన ముందు పెట్టమని అడగగలదు. రహస్యం మీకు గాని, న్యాయమూర్తికి కాదు.

ఆ ముసలావిడ ఇంటి నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం నేను షీటు తెరిచి ‘విచారించగా ఇతడు రెండు సంవత్సరముల క్రితమే మరణించినట్లు భార్య వలన తెలిసినది’ అని రాశాను. రాసి, మూసివేతకు ప్రతిపాదన పంపాను. మరణ ధ్రువపత్రం జతచేయలేదని తిరిగి వచ్చింది. మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దగ్గర ఆ కాగితం లేదు, తెచ్చుకోవాలని ఆవిడకు తెలియదు. పంచాయతీ ఆఫీసుకు నేనే వెళ్ళి తెచ్చి జతచేశాను. ఉత్తర్వు వచ్చేసరికి మరో డిసెంబరు దాటింది. అప్పటి నుంచి, నా చేతిలో ఉన్న ప్రతి స్టేషన్‌లో, నవంబరు మొదటి వారంలోనే షీట్లన్నీ బయటకు తీసి, ఒక్కొక్క ఇంటికీ మనిషిని పంపి, చూసి వచ్చినవాడి చేత తేదీ వేయించి సంతకం పెట్టించేవాణ్ణి. దానికి ప్రత్యేకమైన ఉత్తర్వు ఏదీ అక్కర్లేదు, ఒక నెల ముందు మొదలుపెడితే చాలు. ఇక మీ ప్రశ్నలు అడగండి. మహిళా పోలీసు చెల్లెళ్ళవి ముందు తీసుకుంటాను.